కాథోడ్ కింద పసుపు బొట్టు

ముప్పై ఒక్క ఏళ్ల పాటు నా ఉద్యోగం ఒక ఉక్కు పెట్టెలో ఏమీ లేకుండా చూడటం. వేళాకోళం కాదు, నిజంగా అంతే. నాందేడ్‌లో ఒక విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్ర విభాగం కింది అంతస్తులో, ప్లాస్మా ల్యాబు అనే గదికి నేను టెక్నీషియన్ని. గది మధ్యలో నూనె పీపా అంత ఉక్కు ఛాంబర్ ఉండేది. పంపులు పెట్టి అందులోంచి గాలి లాగేయాలి. గాలితో పాటు తేమ పోవాలి, నూనె ఆవిరి పోవాలి, మన వేళ్ల జిడ్డు కూడా పోవాలి. మా అమ్మ కర్ఖేలిలో జీవితమంతా ఒకరి చేలల్లో కూలి చేసిన మనిషి. ఒకసారి ఊరి నుంచి వస్తే తీసుకెళ్లి ల్యాబు చూపించాను. పెట్టెలో ఏముందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఏమీ లేనిదానికి ఇంత పెద్ద తాళం ఎందుకని అడిగి, నేను జవాబు చెప్పేలోపే బయట నీడలో కూర్చోవడానికి వెళ్లిపోయింది.

రిటైరై మూడేళ్లు దాటింది. ఎడమ చెవి పంపుల చప్పుడుకు పోయింది, నడుము గ్యాస్ సిలిండర్లు మోసి పోయింది. కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, వచ్చి మీ అనుభవాలు చెప్పమంటారు. వెళ్తే శాలువా కప్పుతారు. చెప్పబోయేది మంచి మాటే అయి ఉండాలన్న ఆశ వాళ్ల మొహాల్లో ముందే కనిపిస్తుంది. నాకేమో మంచివి గుర్తుండవు. అలిసిపోయిన మనిషికి తప్పులే గుర్తుంటాయి. అందుకని శాలువా లేని ఈ చోట మీకు ఒక తప్పు గురించి చెబుతాను. నిజానికి రెండు. మొదటిది మా విభాగంలో అందరికీ తెలుసు.

ముందు ఆ పెట్టెతో పనేంటో చెప్పాలి. సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి వేడి పుడుతుంది. అదే పని భూమి మీద చేసి కరెంటు తీయాలని ఎక్కడెక్కడో పెద్ద పెద్ద యంత్రాలు కడుతున్నారు. మా పెట్టెకు అంత సీను లేదు. ఖాళీ చేసిన ఛాంబర్‌లోకి చిటికెడు హైడ్రోజన్ వదిలి కరెంటు ఇస్తే లోపల గులాబీ రంగు వెలుగు వచ్చేది. ఆ వెలుగే ప్లాస్మా. పెద్ద యంత్రాల వాళ్లకు ఒక తలనొప్పి ఉంది. ప్లాస్మా తగిలి గోడల్లోని మురికి ఊడి అందులోనే పడుతుంది, పడి దాన్ని చల్లారుస్తుంది. కాబట్టి గోడ ఎలా మురికవుతుంది, ఎలా శుభ్రపడుతుంది అన్నది మా లాంటి చిన్న ల్యాబు కూడా చూడదగ్గ విషయమే. మేము చూసింది అదే.

మేము అంటే ముగ్గురం. మా ప్రొఫెసరు గారు, ఒక పరిశోధక విద్యార్థిని, నేను. సర్ మరాఠీ మనిషి, మంచివారు, ఆశ కొంచెం ఎక్కువ. కాగితం మీద ఏ గీత కాస్త వంకర తిరిగినా ఇది కొత్తదేమో అని కుర్చీ ముందుకు లాక్కునేవారు. ఆయన దగ్గర ఉన్న ఇన్నేళ్లలో ఒక్కటీ కొత్తది కాలేదు. వంకరకు కారణం చాలాసార్లు వదులైన తీగే. అది బిగించేవాణ్ని నేను. బిగించి, ఆయన మొహం చూడకుండా బయటికి వెళ్లి టీ తాగి వచ్చేవాణ్ని.

ఆ అమ్మాయిది బిలోలి దగ్గర పల్లె. అమ్మానాన్నలు సోయా కోతలకు, పత్తి ఏరడానికి పోతారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పుస్తకంలో ఇంగ్లీషు. ల్యాబుకు వచ్చిన మొదటి రోజు నేను పంపును తెలుగులో తిడుతుంటే విని, ఆ రోజు నుంచే నన్ను కాకా అని పిలవడం మొదలుపెట్టింది. నేను బిడ్డా అనేవాణ్ని. రెండు భోజనం డబ్బాలు ఒకే బల్ల మీద తెరుచుకునేవి. ఆమెకు ఫెలోషిప్ ఇంకొక ఏడాదే ఉంది. ఆలోపు థీసిస్ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి పోవాలి, ఆ ఇంట్లో పుస్తకం పెట్టుకునే చోటు కూడా లేదు. ఈ సంగతి ఆమె ఎప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పేది.

ఇక నా అలవాటు. దసరా ముందు రోజు మా దగ్గర ఆయుధ పూజ, ఆఫీసుల్లో ఖండే నవమి అంటారు. డ్రైవరు బస్సుకు, గుమాస్తా కంప్యూటరుకు బంతిపూల దండ వేస్తారు. మేమూ ఛాంబర్‌కు దండ వేసి, గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టేవాళ్లం. అది అందరూ చూసే పూజ. నాది ఇంకొకటి ఉండేది. మా నాయన కొడవలికి బొట్టు పెట్టేటప్పుడు పిడికి పెట్టేవాడు కాదు, అంచుకు పెట్టేవాడు. కోసేది అది కదా, దానికి పెట్టకుండా కర్రకు పెడితే ఏం లాభం అనేవాడు. మా ఛాంబర్‌లో పని చేసేది కాథోడ్, అంటే లోపల వేలాడే పళ్లెం లాంటి లోహపు బిళ్ల. ఏడాదికోసారి ఛాంబర్ తెరిచి కడిగే పని నేను కావాలనే ఖండే నవమికి పెట్టుకునేవాణ్ని. తెరిచి, కడిగి, గదిలో ఎవరూ లేనప్పుడు కాథోడ్ కింది వైపు, మర పక్కన, ఉంగరం వేలితో తడి పసుపు బొట్టు పెట్టి దండం పెట్టుకునేవాణ్ని. వెంటనే స్పిరిట్ గుడ్డతో తుడిచేసేవాణ్ని. పెట్టడం, తుడవడం కలిపి అయిదు నిమిషాల పని. ఇరవై ఏళ్ల పైన చేశాను, ఎవరికీ తెలియదు. లాగ్ బుక్కులో రాయలేదు. అది దేవుడి పని గాని ల్యాబు పని కాదని నా లెక్క.

ఆ ఏడాది బొట్టు పెట్టి చేతులు జోడించానో లేదో సర్ ఫోన్ వచ్చింది. మా విభాగాన్ని తనిఖీ చేయడానికి దసరా తర్వాత రావలసిన పెద్దలు గురుద్వారా దర్శనం కూడా కలిసొస్తుందని ముందే ఊళ్లో దిగారట. సాయంత్రం నాలుగింటికి ల్యాబుకు వస్తారట, లోపల వెలుగు చూడాలంటున్నారట. అప్పటికి పదకొండు కావస్తోంది. గాలి లాగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. గబగబా మూత దించి, మరలు బిగించి, పంపు వేశాను. నాలుగింటికి గులాబీ వెలుగు వచ్చింది. పెద్దలు ఛాంబర్‌కు ఉన్న కిటికీ అద్దంలోంచి తొంగి చూసి, బాగుందన్నారు. ఒకాయన ఛాంబర్ మీది బంతిపూల దండను ఫోటో తీసుకున్నాడు.

ఇంటికి వెళ్తుంటే గురుద్వారా రోడ్డు మీద జనం కిక్కిరిసి ఉన్నారు, స్కూటర్ కదలలేదు. ఆగి, హ్యాండిల్ మీద ఉన్న చేతిని ఊరికే చూసుకున్నాను. ఉంగరం వేలు పచ్చగా ఉంది. తుడవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అప్పటికప్పుడు వెనక్కి తిరిగి ఉంటే ఈ కథ లేదు. తిరగలేదు. పెట్టెను మళ్లీ తెరిస్తే గాలి, తేమ లోపలికి పోతాయి. వేడి చేసి, మళ్లీ లాగి, పాత స్థితికి తేవడానికి ఇంకో రెండు మూడు రోజులు పడుతుంది. ఆ అమ్మాయి మర్నాడు కాక ఎల్లుండి నుంచి కొలతలు మొదలుపెట్టాలని తేదీలు గీసుకుని కూర్చుంది. పైగా ఏమని చెప్పాలి? లోపల ఏమీ లేకుండా చూడటానికి పెట్టిన మనిషిని, నేనే లోపల పసుపు పెట్టానని చెప్పాలి. ఇరవై ఏళ్ల గుట్టు బయటపెట్టాలి. ఆ వేడికి చిటికెడు పసుపు ఎంతసేపులే, కాలిపోతుంది అనుకున్నాను. ఇంటికి పోయి చేయి కడుక్కున్నాను.

కాలిపోలేదు. ప్లాస్మా వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం ఒకటి ఉండేది. అందులో హైడ్రోజన్‌కు ఉండాల్సిన రంగులతో పాటు నీలం దగ్గర ఇంకో పట్టీ కనిపించింది. అది కార్బన్ ఉందని చెప్పే గుర్తు. గోడ మీద కొద్దిగా మురికి ఎప్పుడూ ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది పోలేదు. వారం వారం కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. ఆ అమ్మాయి ప్రతిరోజూ అదే సమయానికి కొలిచి, చుక్క పెట్టింది. డిసెంబరు నాటికి చుక్కలన్నీ కలిపితే నున్నగా దిగే గీత అయింది. అంత చక్కటి గీత మా ల్యాబులో నేను చూడలేదు.

సర్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఇంత నెమ్మదిగా తగ్గుతోందంటే ఈ కార్బన్ గోడ పైది కాదు, ఉక్కు లోపలి పొరల్లోంచి మెల్లగా పైకి వస్తోంది అన్నారు. అదే నిజమైతే ఇంతవరకు ఎవరూ ఇలా చూపించలేదట. ఆయన లెక్కలు వేశారు, లెక్కలు కుదిరాయి. తప్పు ఊహకు కూడా లెక్కలు కుదురుతాయని నాకు అప్పుడు తెలిసింది. దేశంలో ప్లాస్మా పని చేసేవాళ్లందరూ కలిసే ఒక సదస్సుకు రాసి పంపితే, వచ్చి చెప్పమన్నారు. ఆమె థీసిస్‌లో నాలుగో అధ్యాయం అదే, మిగతావన్నీ దానికి మెట్లు.

గీత మొదటి చుక్క ఏ తేదీన ఉందో నేను చూశాను. దసరా వెళ్లిన మర్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. మీరు నమ్మండి నమ్మకపోండి, నాకు ఒక పక్క సంతోషంగా కూడా ఉండేది. సర్ టీ తాగుతూ పాట కూనిరాగం తీసేవారు. ఆ అమ్మాయి ఊరికి ఫోన్ చేసి, బొంబాయిలో మాట్లాడటానికి పిలిచారని వాళ్లమ్మకు చెబుతుంటే పక్క బల్ల దగ్గర నేను విన్నాను. వాళ్లమ్మకు అర్థమైంది బొంబాయి ఒక్కటే. అది చాలు ఆవిడకు. ఇంత మంది సంతోషంగా ఉంటే పసుపు సంగతి ఎత్తడం దేనికని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఫిబ్రవరిలో ఆమె ఒక రోజు డబ్బా మూత తీయకుండా కూర్చుంది. ఏమైందంటే, తనకు ఒక అనుమానం అంది. లోపలి నుంచి వచ్చే కార్బన్ అయితే ఇన్ని నెలల్లో చాలావరకు అయిపోయి ఉండాలి. ఒకసారి ఛాంబర్ తెరిచి, మూసి, మొదటి నుంచి నడిపితే పట్టీ ఈసారి తక్కువగా మొదలవాలి. తక్కువగా మొదలైతే తన మాట నిలబడుతుంది. లేకపోతే వెతకాల్సింది ఇంకా ఉంది.

"ఒక్కసారి తెరుద్దాం కాకా," అంది. "నాకు నిద్ర పడ్తలేదు."

తెరిస్తే చూస్తుంది. కళ్లు పెద్దవి చేసుకుని ప్రతి మర చూసే పిల్ల. నేను అన్నం ముద్ద మింగి, ఎంత మామూలుగా చెప్పానో ఇప్పటికీ నాకు గుర్తుంది.

"ఇప్పుడు వద్దు బిడ్డా. మూత రింగు గట్టిపడ్డది. తెరిస్తె మళ్ల పట్టది. కొత్తది పుణె నుంచి రావాలె, ఎన్ని నెలలైతదో."

మూతకు, ఛాంబర్‌కు మధ్య గాలి చొరబడకుండా ఉండే రబ్బరు రింగు అది. అది గట్టిపడలేదు. గట్టిపడినా, నా బీరువాలో పౌడరు చల్లి దాచిన కొత్త రింగులు మూడు ఉన్నాయి. ఆ యంత్రం గురించి నేను చెప్పిందే వేదం ఆ ల్యాబులో. సర్ కూడా అడగరు. ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, సరే కాకా అని డబ్బా తెరుచుకుంది. పసుపు మరిచిపోవడం పొరపాటు. ఇది పొరపాటు కాదు. నా మీద పెట్టుకున్న నమ్మకాన్ని పట్టుకుని ఆమె దారి నేనే మూసేశాను.

థీసిస్ ఇచ్చే ముందు విభాగంలో అందరి ముందు చెప్పాల్సిన రోజు ఒకటి ఉంటుంది. ఏప్రిల్‌లో పెట్టారు, ఒక శనివారం. బయటి విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్దాయన వచ్చారు, తెల్ల చొక్కా, చేతిలో తడి రుమాలు, ఎండకు అలిసిపోయి ఉన్నారు. ఆమె బాగా చెప్పింది. నాలుగో అధ్యాయం గీత తెర మీద పడగానే కొందరు తల ఊపారు. పెద్దాయన మాత్రం ఒకే ప్రశ్న అడిగారు. ఇది మళ్లీ చేసి చూశావా అమ్మా అని.

ఆమె చూడలేదంది. ఛాంబర్ తెరవడం కుదరలేదంది. ఎందుకు కుదరలేదని ఆయన అడిగితే, వెనక ప్రొజెక్టరు పక్కన నిలబడ్డ నా వైపు తిరిగింది. గదిలో అందరూ తిరిగారు. రింగు, అన్నాను. పెద్దాయన రుమాలుతో మెడ తుడుచుకుని, రింగు సంపాదించి మళ్లీ చేయండి, అదే గీత వస్తే నేనే సంతకం పెడతాను అన్నారు. సర్ నా దగ్గరికి వచ్చి, సోమవారం తెరుద్దాం, రింగు ఎలాగోలా చూడండి అన్నారు. చూస్తానన్నాను.

ఆదివారం పొద్దున ఏడింటికి ల్యాబుకు వెళ్లాను. తాళం నా దగ్గరే ఉంటుంది కదా. లోపలికి మెల్లగా గాలి వదిలి, పన్నెండు మరలూ విప్పి, మూత ఎత్తాను. టార్చి వేసి కాథోడ్ కింద చూశాను. బొట్టు ఉన్న చోట గోధుమ రంగు మచ్చ, కాలిన అట్టు అంచులా. మర చుట్టూ ఉన్న పింగాణీ వాషరు కిందికి తడి పసుపు కొంత జారినట్టుంది, అది వెలుగు తగలని చోట ఇంకా పచ్చగానే ఉంది. ఇన్ని నెలలూ అక్కడి నుంచే కొద్దికొద్దిగా వచ్చిందన్నమాట. ఉక్కు లోపలి పొర అని సర్ లెక్క వేసింది వాషరు కింది పసుపు.

స్పిరిట్ గుడ్డ తెచ్చుకునే వచ్చాను. ఎందుకు తెచ్చుకున్నానో మీకు చెప్పక్కర్లేదు. తుడిస్తే అయిదు నిమిషాల పని. సోమవారం సర్ వచ్చేసరికి ఛాంబర్ అద్దంలా ఉంటుంది. నా గుట్టు నాతోనే పోతుంది, రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది, మర్యాదగా వెళ్లిపోవచ్చు. గుడ్డ మచ్చ దాకా తీసుకెళ్లాను కూడా.

అప్పుడు తట్టింది, తుడిచాక ఏమవుతుందో. మళ్లీ నడిపితే పట్టీ రెండు రోజుల్లో మాయమవుతుంది, గీత రాదు. ఎన్నిసార్లు నడిపినా రాదు. ఎందుకు రాలేదని ఎవరూ నన్ను అడగరు. ఆమె నోటు పుస్తకం తెమ్మంటారు. చుక్కలు నిజంగా కొలిచి పెట్టినవేనా అని చూస్తారు. కొంతమంది అంత దూరం కూడా పోరు. ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లల గురించి మా కారిడార్‌లో ఎంత తొందరగా ఏమనేస్తారో ముప్పై ఏళ్లుగా వింటున్నవాణ్ని, నేనూ అలాంటి ఇంటి నుంచే వచ్చినవాణ్ని. లెక్కలు సృష్టించింది అంటారు. ఆ మాట పడ్డ మనిషికి ఇంకే ల్యాబులోనూ తలుపు తెరవరు. గుడ్డ కింద పెట్టి, ఆమెకు ఫోన్ చేసి రమ్మన్నాను.

హాస్టల్ నుంచి నడుచుకుంటూ పది నిమిషాల్లో వచ్చింది, జడ కూడా వేసుకోలేదు. తెరిచి ఉన్న ఛాంబర్ చూసి ముందు సంతోషపడింది. టార్చి చేతికిచ్చాను. వంగి చాలాసేపు చూసింది.

"గిదేంది కాకా?"

"పసుపు."

"పసుపెట్ల వచ్చింది దీంట్లకు?"

"నేనే పెట్టిన బిడ్డా. ఖండే నవమి నాడు. తుడుసుడు మర్శిపోయిన."

అన్నీ చెప్పాను. మా నాయన కొడవలి, పెద్దలు ముందే రావడం, గురుద్వారా రోడ్డు మీద వేలు చూసుకోవడం. ఆమె టార్చి ఆర్పి స్టూలు మీద కూర్చుంది. కోప్పడుతుందని, ఏడుస్తుందని ఎదురుచూశాను. ఆమె నోటు పుస్తకం తెరిచి, పసుపు ఎంత పెట్టావు, నీళ్లతో కలిపావా నూనెతోనా, ఇంటి పసుపా కొన్నదా, ఎన్ని గంటలకు పెట్టావు, ఎన్ని గంటలకు పంపు వేశావు అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. నేను పోలీసు ముందు నిలబడ్డట్టు నిలబడి చెప్పాను. ఆ పుస్తకంలో అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి.

రాయడం అయ్యాక, మూత మళ్లీ పెట్టాలంటే రింగు కావాలి కదా అంది. నేను బీరువా తెరిచాను. మూడు రింగులూ పౌడరు వాసనతో పైనే ఉన్నాయి. ఆమె ఒకటి తీసి, వేళ్లతో లాగి చూసింది. మెత్తగా సాగింది.

"నేను తెరుద్దామన్ననాడు గివి ఉండెనా?"

"ఉండె."

రింగు తిరిగి బీరువాలో పెట్టి, తలుపు మెల్లగా వేసింది. ఆ తలుపు గట్టిగా కొట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

సోమవారం సర్ వచ్చారు. ఆమే చెప్పింది, మరాఠీలో, కొలతలు చెప్పినట్టు వరసగా. ఆయన టార్చి వేసి మచ్చ చూశారు. స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశారు. ఉక్కు లోంచి వచ్చి ఉంటే ఎంత బాగుండేది అన్నారు. అంతే. తిట్టే ఓపిక కూడా ఆయనకు లేదనిపించింది. ఆ మధ్యాహ్నమే సదస్సు వాళ్లకు మా పని వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాశారు. తర్వాత నా వైపు తిరిగి, ఫిబ్రవరిలో ఈమె అడిగినప్పుడు తెరవనిది నిజంగా రింగు వల్లేనా అని అడిగారు.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. అంతలో ఆమె అందుకుంది.

"రింగ్ ఖరాబ్ హోతీ, సర్," అంది. రింగు పాడై ఉండింది అని. నా వైపు చూడలేదు. సర్ తల ఊపి, సరే అన్నారు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. అది ఆమె నాకు చేసిన మేలు అనుకుని మూసుకున్నాను అనుకునేరు, కాదు. బతికిపోయాను అనుకుని మూసుకున్నాను.

ఆ తర్వాత జరిగింది మామూలు చాకిరీ. ఛాంబర్ కడిగి, ఖాళీగా నడిపితే గీత రాలేదు. అప్పుడు ఆమె తూకం వేసిన పసుపు ఇచ్చి, అదే చోట, అదే వేలితో పెట్టమంది. దండం పెట్టుకోవాలా అని అడగాలనిపించింది గాని అడగలేదు. పెట్టాను. గీత మళ్లీ వచ్చింది, ముందటిలాగే నున్నగా. ఉక్కు లోపలి రహస్యం అనుకున్నది పోయి, వాషరు కింద దాక్కున్న మురికిని ప్లాస్మా ఎన్నాళ్లకు శుభ్రం చేస్తుందో చెప్పే ఒక చిన్న అధ్యాయం మిగిలింది. పనికొచ్చేదే, కానీ దానికి ఎవరూ బొంబాయికి పిలవరు. ఇదంతా అయ్యేసరికి ఫెలోషిప్ అయిపోయింది. ఆమె హాస్టల్ ఖాళీ చేసి, బిలోలిలో ఒక జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, శని ఆదివారాలు బస్సులో వచ్చి కొలతలు తీసేది. ఒక్కోసారి పంపు వేసేలోపే కరెంటు పోయేది, వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లిపోయేది. అలా ఏడాది పైన గడిచింది.

ఆ ఆదివారం తర్వాత నన్ను కాకా అని పిలవలేదు. కోపంగా ఎప్పుడూ లేదు. మీరు పంపు వేస్తారా, మీరు గ్యాస్ చూస్తారా అని మర్యాదగా అడిగేది. డబ్బా తన బల్ల దగ్గరే తెరుచుకునేది. నేను రిటైరైన రోజు వచ్చి, దండ వేసి, కాళ్లకు దండం పెట్టింది. అందరికీ అలాగే పెట్టింది.

రిటైరయ్యాక ఆమెకు పట్టా వచ్చిందని తెలిసి, ఒక రోజు విశ్వవిద్యాలయం లైబ్రరీకి వెళ్లాను. థీసిస్ తీయించుకుని, కిటికీ దగ్గర కూర్చుని తిరగేశాను. ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా నా యంత్రం గురించి రాసింది అర్థమవుతుంది. నాలుగో అధ్యాయంలో పసుపు సంగతి దాచకుండా రాసింది. మా ఆచారం ఏంటో, ఎందుకు పెడతారో రెండు ముక్కల్లో, ఎగతాళి లేకుండా రాసింది. ఎంత పసుపు, ఏ చోట, ఎన్ని గంటలకు, అన్నీ ఉన్నాయి. ప్రతి అంకె రెండుసార్లు కొలిచిందని నాకు తెలుసు, నేనే పక్కన నిలబడ్డాను.

ఆ పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. మూత రింగు పాడై ఉన్నందువల్ల ఫిబ్రవరిలో ఛాంబర్ తెరిచి పరీక్షించడం సాధ్యపడలేదు, అని. రెండుసార్లు చదివాను. తల కొట్టేసినట్టయింది. సర్ ముందు నోటితో అన్న మాట గాలికి పోతుంది, ఇది అచ్చులో ఉండిపోతుంది. ఆమె వదిలేయవచ్చు ఆ వాక్యాన్ని. వదిలేస్తే పరీక్షకులు అడుగుతారు, అడిగితే నా పేరు చెప్పాలి, అప్పటికి నా పింఛను కాగితాలు ఇంకా ఆఫీసులో తిరుగుతున్నాయి.

మీలో చాలామంది రేపు ఇలాంటి గదుల్లో పని చేస్తారు కాబట్టి, చివర లాగ్ బుక్కు గురించి నాలుగు మంచి మాటలు చెబుతానని అనుకుంటారేమో. అవి మీ సార్లు చెబుతారు. నాకు చెప్పాల్సింది ఒకటే ఉంది, అది కూడా ఎన్నాళ్లకో కుదిరింది. కొలవకుండా ఒక్క చుక్క పెట్టని పిల్ల ఆమె. అంత లావు పుస్తకంలో నిజం కాని వాక్యం అదొక్కటే. అది నేను ఆడిన అబద్ధం, దాని కింద ఉన్నది మాత్రం ఆమె పేరు.